పొట్లం మీద పద్యం

మా ఇంటి అటక మీద ఒక రేకుపెట్టె ఉన్నది. అందులో నాన్నగారి పాత లెక్కల పుస్తకం, ఒక ఇత్తడి తక్కెడ, నూనెమరకలతో పసుపుపచ్చగా మారిన ఒక కాగితపు పొట్లం ఉన్నాయి. పొట్లం ఖాళీది. దాని మీద ఒక పద్యంలోని మూడు పాదాలు నా చిన్ననాటి దస్తూరీలో ఉన్నాయి. నాలుగో పాదం మాత్రం వేరొకరి దస్తూరీ. నేను ప్రాచీన సాహిత్యంలో పరిశోధన చేసి పట్టా పుచ్చుకున్న మాట నిజమే కాని, నా చదువు మొదలైనది విశ్వవిద్యాలయంలో కాదు, అటువంటి పొట్లాల మీద. చేతిలో పైకం లేని చిన్న వ్యాపారి తన సరుకును నలుగురికి ఎలా తెలియజేసుకుంటాడో, అందుకు నిజంగా ఏమి వెచ్చిస్తాడో నేను చూసినది కూడా అక్కడే.

1983లో నాన్నగారు గుమాస్తాగా పనిచేస్తున్న బియ్యపుమిల్లు మూతపడింది. అప్పుడు మేము బాపట్లలో ఉండేవాళ్లం. నాకు పన్నెండేళ్లు, తమ్ముడికి ఏడు. అమ్మ చేతి కందిపొడికి బంధువులలో మంచి పేరు ఉండేది. సన్నని సెగ మీద పప్పును దోరగా వేయించి, ఎండుమిర్చి, జీలకర్ర, ఉప్పు చేర్చి రోట్లో దంచి, జల్లెడ పట్టేది. పండుగలకు వచ్చినవారు వెళ్లేటప్పుడు అడిగి మరీ పట్టుకుపోయేవారు. "ఊరికే ఇచ్చినది ఇన్నాళ్లూ అడిగి తీసుకున్నారు. ఇక వెల పెట్టి చూద్దామండీ" అన్నది అమ్మ. వంద గ్రాముల పొట్లానికి రెండు రూపాయలు వెల పెట్టారు.

నాన్నగారికి లెక్కలు రాయడం వచ్చు కాని అమ్మడం రాదు. అమ్మకం అంటే ప్రకటన అనీ, ప్రకటన అంటే ఖర్చు అనీ ఆయన నమ్మకం. అమ్మ గాజులు రెండు కుదువ పెట్టి తెచ్చిన డబ్బుతో ఆయన రెండు పనులు చేశారు. ఊళ్లోని సినిమాహాలులో స్లైడు వేయించారు, వెయ్యి కరపత్రాలు అచ్చు వేయించారు. ఆ రోజులలో విశ్రాంతి సమయంలో స్థానిక దుకాణాల పేర్లను గాజుపలక మీద రాయించి తెర మీద చూపించేవారు. మా స్లైడు చూడటానికి ఇంటిల్లిపాదీ వెళ్లాము. దీపాలు వెలగగానే జనమంతా సోడాల కోసం బయటకు నడిచారు. ఖాళీ కుర్చీల ముందు మా కందిపొడి పేరు కొన్ని క్షణాలు మెరిసింది, అదీ తలకిందులుగా. తమ్ముడు చప్పట్లు కొట్టాడు. నాన్నగారు మాట్లాడలేదు.

కరపత్రాల సంగతి ఇంకా చిత్రం. వాటిని రైలుస్టేషను దగ్గర పంచాము. తీసుకున్నవారు నాలుగడుగులు వేసి కింద పారవేశారు. మర్నాడు సాయంకాలం అమ్మ వేరుశనగకాయలు కొనుక్కువచ్చింది. ఆ కాయలు కట్టిన పొట్లం మా కరపత్రమే! వేరుశనగల వ్యాపారి వాటిని ఏరుకొని తన పనికి వాడుకున్నాడు. నాన్నగారు తల పట్టుకున్నారు. అమ్మ మాత్రం కాయలు వలుస్తూ ఆ కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకు చదివింది. ఉత్త కాగితం ఇస్తే పారవేస్తారనీ, తినేది పెట్టి ఇస్తే తిన్నంతసేపూ చదువుతారనీ ఆమె ఆనాడు గ్రహించింది. ఆ తరువాత మా ఇంట్లో ప్రకటనకంటూ విడిగా ఒక్క రూపాయి ఖర్చు కాలేదు.

మా వీధిలోని అచ్చుయంత్రశాలలో పుస్తకాల అంచులు కత్తిరించగా మిగిలిన తెల్లకాగితపు ముక్కలు ఉండేవి. వాటిని తూకానికి చవకగా తెచ్చి, లోపల మైనపు కాగితం పెట్టి పొట్లాలు చుట్టాము. పైన ఏదైనా రాయాలి. రబ్బరు ముద్ర చేయించే స్తోమత లేదు. నా దస్తూరీ గుండ్రంగా ఉంటుందని ఆ పని నాకు అప్పగించారు. కందిపొడి అని రాసి, మా వీధి పేరు రాశాక ఇంకా చాలా చోటు మిగిలింది. అందులో పద్యం రాయమన్నది అమ్మ. నేను పద్యమంతా రాయబోతుంటే మూడు పాదాల దగ్గర నా చేయి పట్టుకొని ఆపింది.

"నాలుగోది వాళ్లనే చెప్పనీ అమ్మలూ. చెప్పినవాళ్లకు ఒక చిన్న పొట్లం ఊరికే ఇద్దాం."

అవధానాలలో సమస్యాపూరణం గురించి నేను ఎన్నో ఏళ్ల తరువాత చదువుకున్నాను. అమ్మకు ఆ మాట తెలియదు. తెలిసినది ఒక్కటే: తెలుగువాడి చెవిన పద్యం సగం పడితే మిగతా సగం చెప్పకుండా ఊరుకోలేడు. మొదట వేమన పద్యాలు రాశాను. అది పొరపాటు. వేమన మకుటం పాలుతాగే పిల్లలకు కూడా వస్తుంది కనుక వీధిలోని పిల్లలందరూ వరుస కట్టారు. నాన్నగారు గాభరా పడ్డారు. ఆ తరువాత సుమతి, భాస్కర శతకాలలోకి వెళ్లాము. అవి చాలక బడి గ్రంథాలయంలో చాటుపద్యాల పుస్తకం తెచ్చుకున్నాను. రోజుకు నలభై, యాభై పొట్లాలు. రాసీ రాసీ పద్యాలు వాటంతట అవే కంఠస్థమయ్యాయి. యతి ఎక్కడ తప్పిందో వ్యాకరణం తెలియకముందే నా వేళ్లకు తెలిసేది.

పిల్లలు పొట్లం విప్పి కాగితం దాచుకునేవారు. పెద్దలు భోజనాల దగ్గర నాలుగో పాదం కోసం వాదులాడుకునేవారు. వాదన తీరాలంటే ఎవరో ఒకరు మా ఇంటికి రావాలి. వచ్చినవారు ఉత్తచేతులతో వెళ్లడం అరుదు. వ్యవసాయ కళాశాల వసతిగృహంలోని విద్యార్థులు సెలవులకు ఊళ్లకు వెళ్తూ పదేసి పొట్లాలు తీసుకువెళ్లేవారు. మేము ఎన్నడూ చూడని ఊళ్లకు మా వీధి పేరు ఆ విధంగా చేరింది.

అమ్మ చేసిన రెండో ఏర్పాటు ఇంతకంటె ఘనమైనది. స్టేషను రోడ్డులో ఇడ్లీబండి నడిపే ఆయన ఒకరు ఉండేవారు. ఊరందరికీ బాబాయి. అమ్మ రోజూ తెల్లవారుజామున ఒక చిన్న డబ్బా పొడి ఆయనకు ఉచితంగా పంపేది. వేడి ఇడ్లీ మీద ఆ పొడి చల్లి, నేతిచుక్క వేసి ఇవ్వాలి. తిన్నవారు పొడి ఎక్కడిదని అడిగితే మా ఇల్లు చెప్పాలి. అడగకపోతే చెప్పనక్కరలేదు. ఆ చివరి షరతు అమ్మదే. అడగనివాడికి చెప్పిన మాట కరపత్రం వంటిదని ఆమె అభిప్రాయం.

ఎం.ఏ. చదివే రోజులలో వినుకొండ వల్లభరాయని పేర ప్రసిద్ధమైన క్రీడాభిరామం మాకు పాఠ్యగ్రంథం. మంచనశర్మ, టిట్టిభసెట్టి కాకతీయుల ఓరుగల్లు వీధులలో తిరుగుతూ పూటకూళ్ల ఇంటి ప్రసక్తి తెస్తారు. అక్కడ ఒక ప్రసిద్ధ పద్యం ఉంది. కప్పురభోగి అన్నం, గోధుమ పిండివంట, పంచదార, అప్పుడే కాచిన నెయ్యి, పెసరపప్పు, అరటిపళ్లు, నంజుళ్లు, గడ్డపెరుగు అని వరుసగా చెప్పి, ఇదంతా లక్ష్మణవజ్ఝల ఇంట ఒక్క రూకకు లభిస్తుందంటాడు కవి. మా గురువుగారు ఆనాటి ఆహారపుటలవాట్ల గురించి గంటసేపు చెప్పారు. నాకు మాత్రం ఇడ్లీబండి బాబాయి కళ్లకు కట్టాడు. ఏమి దొరుకుతుంది, ఎవరి ఇంట దొరుకుతుంది, వెల ఎంత అన్న మూడూ అందులో ఉన్నాయి. నోరూరించడం అదనం. ఆ ఇంటివారు కవికి ఒక పూట భోజనం ఉచితంగా పెట్టి ఉంటారేమోనన్న అనుమానం నాకు ఈనాటికీ తీరలేదు. నా సిద్ధాంతవ్యాసంలో ఆ అనుమానం రాసే ధైర్యం మాత్రం చేయలేదు.

సరుకును ముందు చేతికిచ్చి తరువాత పేరు చెప్పే పద్ధతికి మన భాషకు సంబంధించిన ఒక గొప్ప ఉదాహరణ ఉన్నది. కృష్ణా జిల్లా ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనం తయారీ ప్రారంభించారు. కొత్త మందు. పేరు ఎవరికీ తెలియదు. సంగీత కచేరీలకు వచ్చినవారికి దానిని ఉచితంగా పంచిపెట్టి ఆయన జనానికి అలవాటు చేశారు. కచేరీలో గంటల తరబడి కదలకుండా కూర్చున్నవారికి తల బరువెక్కడం సహజం. (ఇది గాయకులపై నింద కాదు.) మందు అవసరమైన మనిషిని, అవసరమైన వేళలో, అవసరమైన చోట కలుసుకోవడం అందులోని చమత్కారం. ఆ వ్యాపారం వల్ల సమకూరిన ధనం 1908లో బొంబాయి నుంచే ఆంధ్రపత్రిక వారపత్రిక వెలువడటానికి ఆధారమైంది. 1914లో అది మద్రాసు నుంచి దినపత్రిక అయింది. 1924లో భారతి మాసపత్రిక వచ్చింది. నా పరిశోధన కోసం భారతి పాత సంచికలు తిరగవేసినప్పుడల్లా, ఏనాడో ఏ కచేరీలోనో ఊరికే పంచిన మందు గుర్తుకు వచ్చేది.

అయితే చెప్పవలసినది ఇంకొకటి ఉన్నది. చెప్పడం కష్టం.

మా వ్యాపారం మొదలైన మూడో ఏట కందిపప్పు ధర పెరిగింది. రెండు రూపాయల వెల పెంచితే కొనేవారు తగ్గుతారని నాన్నగారు భయపడ్డారు. కుదువలో ఉన్న గాజులకు వడ్డీ పెరుగుతున్నది. ఒకనాడు ఆయన కందిపప్పు సగానికి తగ్గించి, మిగతా సగం పుట్నాలపప్పు కలపమన్నారు. పుట్నాలపప్పు చెడ్డ వస్తువు కాదు. చాలా ఇళ్లలో కలుపుకుంటారు కూడా. తప్పు అందులో లేదు. ఇడ్లీబండికి వెళ్లే డబ్బాలో మాత్రం మునుపటి పొడే పంపమన్నారు. రుచి చూపించేది ఒకటి, అమ్మేది ఇంకొకటి. అమ్మ ఒక్క మాట అన్నది: "వాళ్లు అడిగినప్పుడు బాబాయి మన పేరే చెబుతాడు కదండీ." నాన్నగారు జవాబు చెప్పలేదు. ఆ వారం పొట్లాల మీద పద్యాలు రాసినది నేనే. లోపల ఏమున్నదో నాకు తెలుసు. పైన కందిపొడి అనే రాశాను.

పది రోజులు గడిచాయి. ఎవరూ ఏమీ అనలేదు. పదకొండో రోజు సాయంకాలం మా వీధి చివర ఉండే మాస్టారు వచ్చారు. పదవీ విరమణ చేసిన తెలుగు పండితులు. అంతకుముందు వారం వారం పొట్లం కొన్నా నాలుగో పాదం చెప్పి బహుమతి అడిగినవారు కారు. పిల్లల పోటీలో తాను దిగడం న్యాయం కాదని నవ్వేవారు. ఆనాడు నవ్వలేదు. చేతిలోని పొట్లం నాన్నగారి ముందు పెట్టారు. దాని మీద నేను రాసినది సత్యాన్ని గురించిన శతకపద్యం. మూడు పాదాల కింద నాలుగో పాదం మాస్టారి అక్షరాలలో, ముత్యాల్లా ఉంది.

"పాదం పూరించాను నాయనా. షరతు ప్రకారం బహుమతి పొట్లం ఇప్పించాలి. ఇడ్లీబండికి పంపే పొడి ఇప్పించు. ఇళ్లకు అమ్మేది వద్దు" అన్నారు.

ఆయన గొంతు పెంచలేదు. వీధిలో ఎవరూ వినలేదు. గుమ్మం పక్కన కలం పట్టుకొని కూర్చున్న నేను విన్నాను. అటువంటి పద్యాన్ని ఆ పొట్లం మీద ఎంచుకున్నది నేనే కదా అన్న తలపు రాగానే సిగ్గుతో తల ఎత్తలేకపోయాను.

నాన్నగారు మొదట ధరల సంగతి చెప్పబోయారు. సగంలో ఆగిపోయారు. లోపలికి వెళ్లి మంచి పొడి తెచ్చి ఇచ్చి, ఆ ఖాళీ పొట్లం ఇమ్మని మాస్టారిని అడిగి తీసుకున్నారు. మర్నాటి నుంచి సైకిలు మీద ఇంటింటికీ వెళ్లారు. అప్పు పుస్తకంలో పేరున్న ప్రతి ఇంటికీ వెళ్లి, ఇదీ సంగతి అని చెప్పి, పాత పొట్లానికి బదులు కొత్తది ఇచ్చారు. కొందరు తిట్టారు. కొందరు తమకు తేడా తెలియనే లేదన్నారు. ఆ మాట ఆయనను తిట్టుకంటె ఎక్కువ బాధించిందని అమ్మ తరువాత చెప్పింది. స్టేషనులో కొనుక్కుని వెళ్లిపోయినవారికి, సెలవులకు వెళ్లిన విద్యార్థులకు చెప్పే దారి లేదు.

అందరికంటె నొచ్చుకున్నది ఇడ్లీబండి బాబాయి. "నా నోటితో చెప్పించారు కదయ్యా" అన్నాడు. అంతే. వారం రోజులు డబ్బా తీసుకోలేదు. స్లైడుకూ కరపత్రాలకూ నాన్నగారు పోగొట్టుకున్నది తన డబ్బు. ఖర్చు లేని ప్రచారం అని మేము మురిసిపోయిన దానిలో పెట్టుబడి బాబాయి మాట. ఒక మనిషి తన గిరాకీ ముందు మన పేరు పలికినప్పుడు తన పరువులో కొంత మనకు అప్పు ఇస్తున్నాడు. ఆ అప్పు మా లెక్కల పుస్తకంలో ఏ పేజీలోనూ లేదు.

ఆ తరువాత నాన్నగారు రెండు రకాలు అమ్మారు. ఒకటి ఉత్త కందిపప్పుది, వెల పెంచి. రెండోది పుట్నాలు కలిపినది, పాత వెలకే. పద్యానికి పైన నేను కొత్తగా ఒక వరుస రాయవలసి వచ్చింది: "ఇందులో పుట్నాలపప్పు సగం." ఆశ్చర్యమేమంటే ఆ రెండో రకాన్ని అడిగి కొనేవారు కూడా తయారయ్యారు. ఇప్పుడైతే 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం కింద వచ్చిన నిబంధనలు పొట్లం కట్టి అమ్మే తినుబండారంపై దినుసుల పేర్లు ముద్రించాలని చెబుతున్నాయి. మాకు ఆ నిబంధన నేర్పినది మాస్టారు.

1959లో బొంబాయిలో ఏడుగురు మహిళలు ఎనభై రూపాయలు అప్పు చేసి అప్పడాల వ్యాపారం ప్రారంభించారు. అదే లిజ్జత్ సంస్థ. మొదట వారు కూడా రెండు రకాలు చేశారట, నాసిరకాన్ని చవకగా అమ్మవచ్చునని. ఒకే ప్రమాణం పెట్టుకోండి, దానిని ఎన్నడూ దించవద్దు అని పెద్దమనిషి ఒకరు చెప్పగా మానుకున్నారు. ఆ కథ చదివినప్పుడు నాన్నగారు చేసినది సరి కాదేమోనని కొంత ఆలోచించాను. వారు దేశమంతటా పేరు పొందారు. మేము బాపట్ల దాటలేదు. అయినా పుట్నాలపొడి కొనుక్కునే ఇళ్లు నాకు తెలుసు. వారికి అదే అందుబాటు. పేరు రాసి అమ్మినంతవరకు అందులో దోషం లేదనే నా అభిప్రాయం. గాజులు మాత్రం మళ్లీ అమ్మ చేతికి రాలేదు. ఇంటింటికీ పొట్లాలు మార్చిన నెలలోనే గడువు దాటింది. వ్యాపారం ఇంకో పదేళ్లు నడిచింది. నాన్నగారికి చూపు మందగించాక ఆగిపోయింది. మా చదువులు దాని మీదనే సాగాయి.

నిరుడు మా కళాశాలలో ప్రథమ సంవత్సరం చదివే ఒక అమ్మాయి నా దగ్గరకు వచ్చింది. వాళ్లమ్మ జొన్నమురుకులు చేసి అమ్ముతుంది. అమ్మాయి వాట్సాప్‌లో స్టేటస్ పెడుతుంది. ఖర్చు లేదు, చుట్టుపక్కల వీధులన్నిటికీ చేరుతుంది. ఫోటో కింద రాయడానికి మంచి తెలుగులో రెండు వాక్యాలు కావాలని అడిగింది. ఫోటో చూశాను. మురుకులు ఒకే కొలతలో, బంగారురంగులో మెరిసిపోతున్నాయి.

"మీ అమ్మగారు చేసినవేనా?" అని అడిగాను.

"కాదు మేడమ్, నెట్‌లో దొరికింది. మావి ఇంత అందంగా రావు."

ఆమెకు నేను ఉపన్యాసం ఇవ్వలేదు. మాస్టారి కథ మాత్రం చెప్పాను. విని, ఏమీ అనకుండా వెళ్లిపోయింది. రెండు రోజుల తరువాత స్టేటస్‌లో ఇంకొక ఫోటో ఉంది. పాత స్టీలు పళ్లెం, వంకరటింకర మురుకులు, పక్కన పిండి అంటిన చేయి. ఆ వారం ఆర్డర్లు తగ్గాయని తరగతి అయ్యాక చెప్పింది. నేను సమాధానం వెతుక్కున్నాను. దొరకలేదు.

నెల గడిచింది. ఒకనాడు విశ్రాంతి సమయంలో ఆ అమ్మాయి వచ్చి నా బల్ల మీద ఒక పొట్లం పెట్టింది. నోటుపుస్తకంలోని కాగితం, చుట్టూ దారం. పైన జొన్నలు, నువ్వులు, వాము, నూనె అని వరుసగా దినుసుల పేర్లు. వాటి కింద భాస్కర శతకంలోని పద్యం, మూడు పాదాలు.

"చెబితే చిన్న పొట్లం ఫ్రీ మేడమ్" అన్నది.

ఎన్నోసార్లు రాసిన పద్యమే. నాలుగో పాదం గుర్తు రావడానికి కొంతసేపు పట్టింది.